ఆ క్లాంపు ఎర్త్ కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ మెషీన్లు, మోటార్లు రిపేరు చేసే మెకానిక్‌ని. నాకు 62 ఏళ్లు. 19వ ఏట మా మేస్త్రి దగ్గర కాయిళ్లు చుట్టడం నేర్చుకున్నాను, అప్పటి నుంచి ఇదే పని. మీ పత్రిక రోజూ షాపులో చదువుతాను కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన నెల మా షాపుకు వచ్చిన ఒక పాత మెషీన్ సంగతి పదిమందికీ చెప్పాలనిపించి రాస్తున్నాను.

పాయకాపురం నుంచి ఒక కుర్రాడు ట్రాలీ ఆటోలో మెషీన్ వేసుకొచ్చాడు. 300 ఆంపియర్ల ఆయిల్ కూల్డ్ మెషీన్, పైన చక్రం తిప్పి కరెంటు పెంచుకునే పాత రకం. గేట్లు, గ్రిల్స్ చేసే షాపు సొంతంగా పెట్టుకున్నాడట, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. మెషీన్‌కి కొత్తగా ఆకుపచ్చ పెయింటు వేసి ఉంది. చూడటానికి బాగుంది.

"కంప్లయింట్ ఏంట్రా?" అన్నాను.

"కంప్లయింట్ ఏమీ లేదు బాబాయ్. బాగా మండుతోంది. చక్రం ఒక్కటే బిగుసుకుపోయింది, అది తిరిగేలా చేసివ్వండి చాలు."

నేను ముందు మెయిన్ కేబుల్ చూశాను. అందులో రెండే తీగలున్నాయి. "మరి ఎర్త్ ఏది?" అని అడిగాను. వాడు వెంటనే వంగి, జాబుకు, అంటే వెల్డింగ్ చేసే ఇనుముకు తగిలించే క్లాంపు పైకెత్తి చూపించాడు. "ఉంది కదా బాబాయ్, ఇదిగో ఎర్త్."

అబ్బాయిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మన వైపు వెల్డింగ్ నేర్చుకున్న ప్రతివాడూ దాన్ని ఎర్తే అంటాడు. "ఎర్త్ పెట్టరా", "ఎర్త్ అందట్లేదు", "ఎర్త్ లూజుగా ఉంది" అంటూ రోజుకు వందసార్లు ఆ మాట వింటాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే అన్నాను. ఈ ఒక్క మాట వల్లే మన వాళ్ల ప్రాణాలు పోతున్నాయని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

మెషీన్‌లో రెండు కాయిళ్లు ఉంటాయి. మెయిన్ నుంచి వచ్చే 415 వోల్టులు ఎక్కేది ప్రైమరీ. సన్న తీగ, ఎక్కువ చుట్లు. హోల్డర్ (రాడ్ పట్టుకునే పిడి) వైపు ఉండేది సెకండరీ. లావు పట్టీ, తక్కువ చుట్లు, రాడ్ తగిలించకముందు 70, 80 వోల్టులు వస్తుంది, మంట మొదలయ్యాక 20, 30కి దిగుతుంది. సెకండరీ ఒక కొస హోల్డర్‌కి, రెండో కొస క్లాంపుకి వెళుతుంది. రాడ్ నుంచి జాబులోకి వెళ్లిన కరెంటు తిరిగి మెషీన్‌లోకి రావడానికి ఆ క్లాంపు దారి, అంతే. దాని అసలు పేరు రిటర్న్. భూమితో దానికి సంబంధం లేదు. మెషీన్ ఇనప డబ్బాతో కూడా సంబంధం లేదు. ఉండకూడదు కూడా. కొందరు క్లాంపు బోల్టు నుంచి డబ్బాకు ఒక ముక్క తీగ కలిపి ఎర్త్ ఇచ్చామనుకుంటారు. అప్పుడు వెల్డింగ్ కరెంటు ఎర్త్ తీగల్లోకి దారి పట్టి వాటినే కాల్చేస్తుంది.

ఎర్త్ అంటే డబ్బా నుంచి భూమికి వెళ్లే వేరే తీగ. లోపల ప్రైమరీ కాయిల్ ఇన్సులేషన్ చెడి డబ్బాకు తగిలితే, ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా ఈ తీగలోంచి భూమికి పోవాలి, ఆ దెబ్బకు ఫ్యూజు ఎగిరిపోవాలి. ఆ తీగ ఉన్నది అందుకే.

మోటారుకి తీగ తెగితే మోటారు ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. ఎర్త్ తీగ లేకపోతే ఏదీ ఆగదు. అందులోనూ ఈ రకం మెషీన్లు రెండు ఫేజుల మీద నడుస్తాయి, న్యూట్రల్ కూడా అక్కర్లేదు. రెండు తీగలు లాగితే చాలు, మంట బ్రహ్మాండంగా వస్తుంది. మూడో తీగ లేదన్న సంగతి ఎవరికీ, ఎప్పటికీ తెలియదు, ఒకరోజు ఎవరో చెమట చేత్తో డబ్బా మీద చెయ్యి వేసేదాకా.

కుర్రాడిని అడిగాను, "డబ్బా ముట్టుకుంటే ఎప్పుడైనా కొట్టిందా?" అని. కాసేపు ఆలోచించి, "కొట్టడం కాదు బాబాయ్, ఒక్కోసారి జివ్వుమంటుంది. చెప్పులేసుకుంటే ఉండదు" అన్నాడు.

ఆ మాట విన్నాక చక్రం సంగతి పక్కనపెట్టి, ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్, మెగ్గర్ తీశాను. ప్రైమరీకి, డబ్బాకి మధ్య పెట్టి హ్యాండిల్ తిప్పితే ముల్లు సున్నా పక్కనే ఆగిపోయింది. 0.1 మెగ్ఓము, అంటే లక్ష ఓములు. ఫేజుకి, భూమికి మధ్య 240 వోల్టులు. లక్ష ఓముల మీదుగా రెండు మిల్లీ ఆంపియర్ల పైన లీకు. వాడికి జివ్వుమన్నది అదే. వెల్డింగ్ మెషీన్లకు ఐ.ఇ.సి. 60974 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్రైమరీకి, డబ్బాకి మధ్య కనీసం 2.5 మెగ్ఓములు ఉండాలి. ప్రైమరీకి, సెకండరీకి మధ్య 5 ఉండాలి. ఈ రెండోది ఇంకా ముఖ్యం. అది పోతే మెయిన్ కరెంటు తిన్నగా హోల్డర్‌లోకే వస్తుంది.

తర్వాత ట్యాంకు అడుగున డ్రెయిన్ బోల్టు విప్పాను. ముందు ఆయిల్ రాలేదు. నీళ్లొచ్చాయి, వాటితో బూడిదరంగు ఒండ్రు వచ్చింది. ఆ తర్వాతే ఆయిల్. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున కూర్చుంటాయి. కాయిళ్ల కింద అంగుళం మందాన బుడమేరు వాగు మట్టి పేరుకుని ఉంది. చక్రం బిగుసుకుపోవడానికి కారణం కూడా ఆ నీళ్లే, మర తుప్పుపట్టింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగిన సంగతి ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. ఆ పేటల్లో చిన్న చిన్న వెల్డింగ్ షాపులు ఎన్నో ఉన్నాయి. మెషీన్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక మా ఆటోనగర్‌లో కాయిళ్లు మళ్లీ చుట్టే రివైండింగ్ షాపుల ముందు వరసలు కట్టారు. కొందరు ఆగలేకపోయారు. కుటుంబం గడవాలి, మెషీన్ ఆరబెట్టడానికి పది రోజులు పడుతుందంటే ఎలా ఆగుతారు? రెండు రోజులు ఎండలో పెట్టి, పైపైన తుడిచి, స్విచ్ వేశారు. మెషీన్ మండింది. మండింది కాబట్టి బాగుందనుకున్నారు. కొన్ని మెషీన్లు తుక్కు రేటుకు చేతులు మారి, పెయింటు వేయించుకుని మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి. ఈ కుర్రాడికి అమ్మినవాళ్లు ఎవరో నేను అడగలేదు. వాళ్లకైనా లోపల ఏముందో తెలుసో లేదో. కానీ వరద నీళ్లలో నానిన మెషీన్‌కి పెయింటు వేసి, మెగ్గర్ పెట్టకుండా అమ్మడం మాత్రం తప్పు. అది ఎవరు చేసినా తప్పే.

మెషీన్ మండుతోందంటే బాగున్నట్టు కాదని నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. 1998 వానాకాలంలో ఒక గ్రిల్స్ షాపువాళ్ల మెషీన్ నా దగ్గరకొచ్చింది. ట్యాపింగ్ (కాయిల్ నుంచి బయటికి తీసిన కనెక్షన్) కాలిపోయింది. లగ్గు (తీగ కొసకు బిగించే లోహపు ముక్క) మార్చి, కొత్త బోల్టులు వేసి, రాడ్ పెట్టి మండించి చూసి పంపేశాను. డబ్బాకు లీకు ఉందేమో చూడలేదు. అప్పటికి నా దగ్గర మెగ్గర్ కూడా లేదు, టెస్టర్, మల్టీమీటర్‌తోనే బండి లాగించేవాణ్ని. పది, పదకొండు రోజులకు ఆ షాపులో పదహారేళ్ల కుర్రాడు వట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడి కరెంటు తగ్గిద్దామని చక్రం పట్టుకున్నాడు. చెయ్యి అతుక్కుపోయింది. అదృష్టం, యజమాని పక్కనే ఉండి మెయిన్ లాగేశాడు. కుర్రాడు బతికాడు, కానీ కుడిచేతి రెండు వేళ్లు సరిగా ముడుచుకోవు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు మెషీన్ బాగు చేశారు కదా అన్నా" అని మాత్రం అడిగింది. ఆ నెల షాపు అద్దె ఆపి, చేత్తో తిప్పే 500 వోల్టుల మెగ్గర్ కొన్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. అప్పటి నుంచి మా షాపులోంచి మెగ్గర్ పెట్టకుండా ఒక్క మెషీన్ బయటికి వెళ్లలేదు.

మల్టీమీటర్ సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. బజర్ మోడ్‌లో ఒక వైరు డబ్బాకి, ఒక వైరు కాయిల్‌కి పెట్టి "బీప్ రాలేదు, బాడీ షార్ట్ లేదు" అనేస్తారు, అంటే కాయిల్ డబ్బాకు తగల్లేదని. కొన్ని పదుల ఓముల లోపు ఉంటేనే ఆ బీప్ వస్తుంది. మా కుర్రాడి మెషీన్‌లాగా లక్ష ఓములుంటే మీటర్ నోరు మెదపదు. పైగా మల్టీమీటర్ లోపల ఉండేది చిన్న బ్యాటరీ. ఆ కొద్ది వోల్టేజీకి నిలబడిన ఇన్సులేషన్ 415కి నిలబడుతుందని ఎవరు చెప్పగలరు? మెగ్గర్ 500 వోల్టులు పెట్టి అడుగుతుంది, అందుకే దాని మాట నమ్మొచ్చు. కాయిల్ చుట్ల మధ్య షార్ట్ కూడా మల్టీమీటర్‌కి దొరకదు. ప్రైమరీ నిరోధమే ఓము అటుఇటుగా ఉంటుంది, సెకండరీ అయితే సున్నా చూపిస్తుంది. అందులో నాలుగు చుట్లు కలిసిపోతే తేడా ఏం తెలుస్తుంది? దానికి మా మేస్త్రి నేర్పిన సీరీస్ బల్బు ఉంది. 200 వాట్ల ఫిలమెంట్ బల్బును (ఎల్ఈడీ పనికిరాదు) ప్రైమరీతో వరసగా కలిపి 230 వోల్టులు ఇస్తాం. హోల్డర్, క్లాంపు విడివిడిగా ఉన్నప్పుడు బల్బు మసకగా ఉండాలి. రెండూ కలిపితే వెలుగు పెరగాలి. విడిగా ఉన్నప్పుడే నిండుగా వెలిగిందంటే లోపల చుట్లు కలిశాయి, రివైండింగ్ తప్పదు. ఇది కరెంటు మీద చేసే పని, తెలిసిన మెకానిక్ చెయ్యాలి. షాపు యజమానులు ఇంట్లో ప్రయత్నించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

యజమానులు తమంతట తాము చూసుకోగలిగినవి ఉన్నాయి. మెయిన్ తీసేసి, కేబుల్‌ని గోడ వైపు విడదీసి, మల్టీమీటర్ ఒక కొస ప్లగ్గు ఎర్త్ పిన్నుకి, రెండో కొస డబ్బా మీద పెయింటు గీకిన చోట పెట్టండి. ఒక ఓము లోపు చూపించాలి. ఏమీ చూపించకపోతే మీ మెషీన్‌కి ఎర్త్ లేదు. క్లాంపుకి, డబ్బాకి మధ్య పెడితే ఏమీ చూపించకూడదు. కేబుల్ మెషీన్‌లోకి దూరే చోట రబ్బరు బుష్ ఉందా, లేక రేకు అంచు కేబుల్ తొడుగును కోస్తోందా అని చూడండి. నేను చూసిన బాడీ షార్టుల్లో చాలా భాగం కాయిల్‌లో కాదు, అక్కడే.

మెషీన్ మీద ఉన్న స్విచ్‌ని నమ్మి మూత విప్పకండి. కొన్ని పాత మెషీన్లలో అది ఒక ఫేజునే కట్ చేస్తుంది. రెండోది లోపల అలాగే నిలబడి ఉంటుంది. గోడ మీద మెయిన్ లాగాలి, ఫ్యూజు కటౌట్లు తీసి జేబులో వేసుకోవాలి. లోపల వోల్టేజీ లేదని చూసే ముందు మీటర్ పనిచేస్తోందో లేదో కరెంటున్న చోట ఒకసారి చూడాలి, మెషీన్‌లో చూశాక మళ్లీ ఆ కరెంటున్న చోటే చూడాలి. మధ్యలో మీటర్ బ్యాటరీ అయిపోతే అది చూపించే సున్నా మనల్ని చంపుతుంది. మీటర్ వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోగా వోల్టేజీ చూడబోయి చేతులు కాల్చుకున్నవాళ్లను నేను ఎరుగుదును. అలా పెడితే మీటర్ తీగ ముక్కతో సమానం, రెండు ఫేజులు దాని ద్వారా కలిసిపోతాయి.

మెషీన్‌లో కండెన్సర్ (కెపాసిటర్) ఉంటే అది ఇంకో సంగతి. మెయిన్ తీసినా అందులో చార్జి నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి కొట్టడం మన అలవాటు, అది మానాలి. బల్బు తగిలించి నెమ్మదిగా దించాలి. ఈ మధ్య పాత ఇన్వర్టర్ మెషీన్లు కూడా సెకండ్ హ్యాండ్‌లో వస్తున్నాయి. వాటిలో ఈ ప్రమాదం పెద్దది. 230 వోల్టుల మెషీన్ లోపల కెపాసిటర్ల మీద 325 వోల్టుల డి.సి. ఉంటుంది, 415 వోల్టుల దానిలో 580 పైనే. చేతిలో పట్టుకుపోయేంత తేలిగ్గా ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంకొక జాగ్రత్త, ఇన్వర్టర్ బోర్డు మీద తిన్నగా మెగ్గర్ పెడితే బోర్డు పోతుంది, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. ఎ.సి.ని డి.సి.గా మార్చే రెక్టిఫయర్ మెషీన్లయితే నేను మొదట డయోడ్లు (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగాలు) చూస్తాను. మంట నిలకడగా లేదు, మెషీన్ గుయ్యిమంటోంది అంటే నూటికి తొంభైసార్లు ఒక డయోడు పోయి ఉంటుంది. డయోడు నుంచి వచ్చే పిగ్‌టెయిల్ తీగ విప్పి, డయోడ్ మోడ్‌లో ఒక వైపు అర వోల్టు చూపించి, రెండో వైపు ఏమీ చూపించకపోతే అది మంచిది. విప్పకుండా చూస్తే కాయిల్ అడ్డం వచ్చి మీటర్ అబద్ధం చెబుతుంది.

లగ్గుల గురించి ఒక లెక్క చెప్పాలి. హోల్డర్ కేబుల్ లగ్గు కాస్త లూజైతే ఏమవుతుందిలే అనుకుంటాం. అక్కడ ఒక ఓములో నూరో వంతు నిరోధం ఉందనుకోండి. 200 ఆంపియర్లు పోతే అక్కడ 400 వాట్ల వేడి పుడుతుంది. మల్టీమీటర్‌తో నూరో వంతు ఓము కొలవలేం. కానీ ఒకరు వెల్డింగ్ చేస్తుండగా ఇంకొకరు ఆ జాయింటుకి ఇటూ అటూ మీటర్ వోల్టుల్లో పెడితే రెండు వోల్టులు చూపిస్తుంది. జాయింటు బాగుంటే దాదాపు ఏమీ చూపించదు. నా 1998 ట్యాపింగ్ కాలింది ఇలాంటి లూజు బోల్టు వల్లే.

మళ్లీ ఎర్త్ దగ్గరకే వస్తాను. 250 వోల్టులు దాటిన కరెంటు మీద నడిచే యంత్రం డబ్బాకు రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఇవ్వాలని మన దేశంలో 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే ఉంది. ఒకటి తెగినా రెండోది కాపాడాలని. మనం రెండు కాదు కదా, ఒకటి కూడా ఇవ్వడం లేదు. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, ఉన్న ఎర్త్‌ని పీకేయడం. "ఎర్త్ పెడితే ఫ్యూజు పోతోంది బాబాయ్, తీసేస్తే బాగా నడుస్తోంది" అని ఎంతమంది చెప్పారో నాకు. ఫ్యూజు పోవడమంటే మెషీన్ నోరు తెరిచి చెప్పడం, నా లోపల కాయిల్ డబ్బాకు తగిలింది, నన్ను ముట్టుకోవద్దు అని. మనం దాని నోరు మూసి, మళ్లీ కుర్రాళ్ల చేతికి ఇస్తున్నాం.

ఎర్త్ గుంత ఉంటే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. ఎప్పుడో ఉప్పు, బొగ్గు వేసి పాతిన గుంతలో పదేళ్లుగా చెంబెడు నీళ్లు పోయరు. ఎండకు మట్టి బిగిసి నిరోధం పది ఓములకు చేరిందనుకుందాం. 240ని పదితో భాగిస్తే 24 ఆంపియర్లు. మన కటౌట్‌లో 63 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, అది 24కి పోదు. కటౌట్‌లో లావు తీగ చుట్టినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బా మీద కరెంటు అలాగే ఉండిపోతుంది. అందుకని గుంతకు వేసవిలో నీళ్లు పోయాలి, దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్లకు తెగే లీకేజీ బ్రేకర్ పెట్టించాలి. రెండు ఫేజులకు సరిపోయే బ్రేకర్ ఏదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి పెట్టించండి. అది కూడా మెయిన్ వైపు లీకునే పట్టుకుంటుంది. హోల్డర్ వైపు షాక్‌ని పట్టుకోలేదు, ఎందుకంటే సెకండరీ విడిగా ఉంటుంది.

హోల్డర్ వైపు 80 వోల్టులే కదా అనుకోవద్దు. ఇప్పుడు రోహిణి కార్తె. మధ్యాహ్నం రేకుల షెడ్డులో గ్లౌజులు పిండితే నీళ్లు కారతాయి. చెమట పట్టిన ఒంటి నిరోధం వెయ్యి ఓములకు పడిపోతుంది. 80ని వెయ్యితో భాగిస్తే 80 మిల్లీ ఆంపియర్లు. 50 మిల్లీ ఆంపియర్ల అటుఇటు ఎ.సి. కరెంటు ఒక సెకను పైన గుండె మీదుగా పోతే గుండె లయ తప్పగలదు. జాబు మీదే కూర్చుని, తడి చేత్తో రాడ్ మార్చేవాళ్లు ఆ 80 వోల్టుల మధ్యలో కూర్చున్నట్టే. పొడి గ్లౌజుల జత ఇంకొకటి పక్కన పెట్టుకోవడానికి ఖర్చు ఎంతవుతుంది?

మీకొక విన్నపం. మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు నాలుగు లైన్ల వార్త వస్తుంది, వెల్డింగ్ పనిచేస్తూ విద్యుదాఘాతంతో ఫలానా యువకుడు మృతి అని. పేరు, వయసు, ఊరు, కేసు నమోదు అని ఉంటాయి. మెషీన్‌కి ఎర్త్ ఉందా లేదా అన్నది ఎప్పుడూ ఉండదు. మీ విలేకరులకు ఒక్క మాట చెప్పండి, ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వార్తలో రాయమని. "మెషీన్‌కు ఎర్త్ తీగ లేదు" అన్న వాక్యం చదివితే, ఆ రోజు పది షాపుల్లో అయినా యజమానులు లేచి తమ కేబుల్ చూసుకుంటారు.

ఇంకొకటి ఐటీఐల వాళ్లకు, మా ఆటోనగర్ పెద్దలకు. వానలు మొదలయ్యే లోపు ఒక ఆదివారం పెట్టి, ఎవరి మెషీన్ వాళ్లు తెచ్చుకుంటే మెగ్గర్ పెట్టి చూసి, రీడింగ్ కాగితం మీద రాసి మెషీన్‌కి అంటించి పంపుదాం. ఒక్కోదానికి పది నిమిషాలు చాలు. నేను నా మెగ్గర్ పట్టుకుని వస్తాను, పైసా తీసుకోను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వెల్డర్ ట్రేడుల పిల్లలు పక్కన నిలబడి చూస్తే వాళ్లకూ చదువే. మాస్టార్లు మాత్రం క్లాసులో ఆ క్లాంపును ఎర్త్ అనకుండా రిటర్న్ అని పలికించండి.

కుర్రాడి మెషీన్ సంగతి చెప్పి ముగిస్తాను. ట్యాంకులోంచి కోరు (కాయిళ్లు చుట్టిన ఇనప భాగం), కాయిళ్లు పైకి తీశాం. కొత్త ఆయిల్‌తో కడిగి, రేకు పెట్టెలో పెట్టి, చుట్టూ నాలుగు 200 వాట్ల బల్బులు వెలిగించి పగలూ రాత్రీ ఆరబెట్టాం. మొదటి రోజు వేడెక్కాక రీడింగ్ పెరగాల్సింది పోయి ఇంకా పడిపోయింది. వాడు బెంబేలెత్తిపోయాడు. అలాగే జరుగుతుంది, ఇన్సులేషన్ వేడెక్కితే రీడింగ్ ముందు తగ్గుతుంది, చెమ్మ బయటికి పోయేకొద్దీ మెల్లగా ఎక్కుతుంది అని చెప్పాను. నాలుగో రోజుకి 1 మెగ్ఓము, ఆరో రోజుకి 8, తొమ్మిదో రోజు చల్లబడ్డాక 60 చూపించింది. పాత ఆయిల్‌ని వేడి పెనం మీద రెండు చుక్కలు వేసి చూపించాను. చిటపటలాడింది, అంటే అందులో ఇంకా నీళ్లున్నాయి. ఆ ఆయిల్ మళ్లీ పోయలేదు. చక్రం మర శుభ్రం చేశాం, ఇప్పుడు రెండు వేళ్లతో తిరుగుతోంది. డబ్బాకు రెండు చోట్ల పెయింటు గీకి రెండు ఎర్త్ బోల్టులు వేశాను.

మెషీన్ సిద్ధమైనా వెంటనే ఇవ్వలేదు. షాపులో గుంత తవ్వించి, తీగ లాగి, ఫొటో పంపితేనే ఇస్తానన్నాను. "పని పోతోంది బాబాయ్, ముందు ఇవ్వండి, తర్వాత వేయించుకుంటా" అని బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం ఫొటో పంపాడు. గుంత పక్కన వాడే నిలబడి, చేతిలో నీళ్ల బిందె. రేపు ఉదయం ట్రాలీ తీసుకుని వస్తున్నాడు.

ఇట్లు,
ఒక వెల్డింగ్ మెషీన్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ.